పలనాటి వీరచరిత్రమును లోకమున కెఱిఁగించినవారు

అద్భుతకథలు రచింపఁబడినంత మాత్రమున నిలువవు. విని సంతోషించినవాఁడు మఱియొకనికిఁ జెప్పి, దీనిని నీవును వినుమని పురికొల్పినప్పుడే యవి నిలుచును. ఈ విషయమునకు బృహత్కథా వృత్తాంతమును మించిన దృష్టాంతము లేదు. 11వ శతాబ్దియందు సోమదేవుఁడు కథాసరిత్సాగరమున దానిని వివరించెను. శాతవాహనరాజు జలక్రీడాసమయమున, నీళ్లతోఁ గొట్టవలదన్న రాణిమాటలోని సంధిని గుర్తింపలేక, లడ్డుకములతోఁ గొట్టుమన్నదని తలఁచి, వానిని దెప్పించి పరిహాసపాత్రుఁ డయ్యెను. ఆ సిగ్గుచే నతఁడు వ్యాకరణము నేర్వఁగోరఁగా, శర్వవర్మ యాఱుమాసములలో నేర్పెదనని పలికెను. అట్లు జరిగినచో సంస్కృత ప్రాకృత దేశభాషలు మూఁడింటిని విడిచెదనని గుణాఢ్యుఁడు పంతము పట్టెను, ఓడెను, తుదకుఁ బైశాచీభాషలో నేడులక్షల గ్రంథము వ్రాసెను. భాష హీనమని రాజు నిరాకరింపఁగా, గుణాఢ్యుఁ డడవిలోఁ గూర్చుండి యొక్కొక్క పత్రమును మృగములకుఁ జదివి వినిపించి యగ్ని కర్పింపసాఁగెను. మృగములు మేఁత మాని కన్నీటితో వినుచుండెను. సంగతి తెలిసి రాజు వచ్చునప్పటికి మిగిలినది యొక్కలక్ష మాత్రమే.

వ్యాకరణవివాదమునుండి పుట్టిన యీ కథను వ్యాకరణము నభ్యసించినవారు ముఖ్యముగాఁ దలపోయవలెను. గ్రంథమును సభ త్రోసివేసినది. సభ వెలుపలి శ్రోతలు ఆదరించిరి. రాజు మఱల వెదకికొని వచ్చుట కా శ్రోతల యాదరమే కారణ మయ్యెను. తెలుఁగుదేశమున నిట్టి గతియే పట్టిన గ్రంథము పలనాటి వీరచరిత్రము. గురజాల మాచెర్ల కారెంపూడి ప్రాంతములఁ బుట్టిపెరిగిన యీ కథను లోకమున కెఱిఁగించినవా రెవరు? వారు దీనియందు దేనిని మెచ్చి యితరులను వినుఁడనిరి, చదువుఁడనిరి? వారు మెచ్చినదానికిని, నేఁటి పాఠశాలలలో మెచ్చుకొనఁబడుచున్నదానికిని భేద మేమి? ఈ మూఁడు ప్రశ్నలును విచారింపఁదగినవి.

కథ సుప్రసిద్ధమే యైనను బ్రస్తుతాంశమునకు వలసినంత చెప్పుట యావశ్యకము. 12వ శతాబ్దిలో హైహయవంశజుఁడగు ననుగురాజు వెలనాటి చోడుని కూఁతురు మైలమదేవిని వివాహమాడి, పలనాటిసీమ నరణముగాఁ బొందెనని కథ చెప్పుచున్నది. అతని యనంతరము నలగామరాజు గురజాలయందును, సవతితమ్ముఁడగు మలిదేవరాజు మాచెర్లయందును బాలించిరి. నలగామునికి నాయకురాలు నాగమ్మయు, మలిదేవునికి బ్రహ్మనాయఁడును మంత్రులు. కోడిపందెమున నోడి మలిదేవుని పక్షమువారు రాజ్యము విడిచి యేడేండ్లు ప్రవాసము చేసిరి. గడువు తీఱినపిమ్మట రాయబారియై పోయిన యలరాజు విషప్రయోగముచే మరణించెను. అంతట నాగులేటి యొడ్డునఁ గార్యమపూడి రణరంగమున నుభయపక్షముల వీరులును గూలిరి. పందెము, ప్రవాసము, రాయబారము, కులనాశకమైన యుద్ధము అను వరుసనుబట్టి దీనికిఁ బలనాటి భారతమను పేరు కలిగెను. పేరు తగినదే కాని, యది కథయొక్క యెముకలను మాత్రమే చూపును. దాని ప్రాణమును జూపఁజాలదు.

గాయకులు

ఈ కథను మొదట లోకమున కెఱిఁగించినవారు వీరవిద్యావంతులు. వీరు మాల మాదిగ కులములకుఁ జెందిన గాయకులు. గ్రంథము చేతఁ బట్టక, గురుముఖమున నేర్చి, రాత్రులకు రాత్రులు కథను బాడుట వీరి వృత్తి. బ్రహ్మనాయఁడు కులభేదము పాటింపక వీరుల నందఱి నొక్కచాపపైఁ గూర్చుండఁబెట్టి భోజనము పెట్టించిన చాపకూడును, మాలకులజుఁడగు కన్నమదాసును బుత్రునిగాఁ జేపట్టి సేనానాయకత్వ మొసఁగుటయు నీ కథకు మూలస్తంభములు. కావున దీనిని గాపాడుట యా గాయకులకు వృత్తిధర్మము మాత్రమే కాదు; తమవారి గౌరవమును దాము కాపాడుకొనుట.

పాటయొక్క ప్రాచీనతకుఁ గ్రీడాభిరామము సాక్షి. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము ననుసరించి వెలసిన యీ తెలుఁగు వీథినాటకము వినుకొండ వల్లభరాయని పేర నున్నది. ఇది శ్రీనాథునిదే యని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించెను. కర్త యెవరైనను, ఓరుగంటి వీథులయందొక స్త్రీ పలనాటివీరుల కథను బాడుటయు, జనులు వినుటయు నందు వర్ణింపఁబడినవి. పలనాటి కెంతయో దూరముననున్న కాకతీయుల రాజధాని కీ పాట యెట్లు పోయెను? దానిని మోసికొని పోయిన రాజశాసనము లేదు, ఆస్థానకవి లేఁడు. ఒకరు విని, మఱియొకరికిఁ జెప్పి, వారు నేర్చి, యూరూరఁ బాడుటచేతనే యది పోయినది. అద్భుతకథ పాఠకులను సంపాదించుకొను మార్గ మిదియే.

కారెంపూడిలోఁ గార్తిక బహుళామావాస్య మొదలుకొని యైదుదినములు జరుగు వీరారాధనము ఈ సంప్రదాయమునకు నిలయము. ఆ దినములకు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. చదువరి విచారించి చూచినచో నివి కథలోని ఘట్టముల పేర్లే. ఉత్సవదినములే గ్రంథమునకు విషయసూచిక యైనవి. ఇందు మందపోరును గోడిపోరును యుద్ధకాలక్రమమున రాలేదని యాక్షేపింపరాదు. శ్రోతకుఁ గథ యంతయు ముందే తెలియును. తెలిసిన కథను మఱల వినవలెనను కోరికయే యిచ్చటి రసము. వీరుల యాయుధములు పూజింపఁబడును. వీరుల గుడిలోని లింగములు మరణించిన వీరుల రూపములని భావింపఁబడును. అంకమ్మ పోతురాజులు కథలోని పాత్రలై కథవెలుపలి దేవతలును నగుదురు. చాపకూడు కథలో వినఁబడుటయే కాక యుత్సవమున జరుపఁబడును. గ్రంథమునకును బాఠకునికిని నడుమ నిచ్చట గోడ లేదు.

కవి

రెండవమాఱు కథను లోకమున కెఱిఁగించినది కవి. మంజరీద్విపదలో రచింపఁబడి మాచెర్ల చెన్నకేశవస్వామి కంకితమైన వీరచరిత్రము శ్రీనాథుని పేర వ్యవహరింపఁబడుచున్నది. శృంగారనైషధమును రచించి, కొండవీటి పెదకోమటివేమారెడ్డి యాస్థానమున విద్యాధికారిగా నుండిన మహాకవి, ప్రాసనియమము కూడ లేని మంజరిలో బల్లెపాటల కథను జెప్పెనా యని పలువురు సందేహించిరి. శ్రీనాథుఁడు కాశీఖండమునఁ దన కృతులను వయఃక్రమమునఁ బేర్కొనుచు మరుత్తరాట్చరిత్రము, శాలివాహనసప్తశతి, నైషధము, భీమఖండములను జెప్పెనే కాని, వీరచరిత్రమును జెప్పలేదని వారి యుక్తులలో నొకటి.

ఈ యుక్తి బలవత్తరముగాఁ దోఁచును గాని నిలువదు. హరవిలాసము శ్రీనాథకృతమే యని యందఱు నంగీకరించిరి; అదియు నా పట్టికలో లేదు. కాఁబట్టి యా మౌనము వీరచరిత్రమును శ్రీనాథునిది కాదని స్థాపింపఁజాలదు. అట్లే శ్రీనాథుని పేరనున్న చాటువులలోఁ బలనాటి ప్రస్తావన యుండుటయు నీ గ్రంథ మతనిదే యని స్థాపింపఁజాలదు. ఒకసీమను జూచినవాఁ డెల్ల దానిపైఁ గావ్యము వ్రాయఁడు గదా. ఉభయపక్షముల సాధనములును దుర్బలములై యున్నవి. సంప్రదాయము శ్రీనాథుని చెప్పుచున్నదని యొప్పుకొని, నిశ్చయమును వాయిదా వేయుటయే న్యాయము.

ఇందు ముఖ్యమైన చిక్కు కర్తృత్వముకంటె వేఱొకటి కలదు. మూఁడింద్రగణములు, నొక సూర్యగణము గల ద్విపద పాడుట కనువైనది. స్త్రీలకును బాలురకును సులభముగాఁ బట్టువడునది. ఆ గుణమే పండితులకు దోషముగాఁ గనఁబడెను. 13వ శతాబ్దిలోఁ బాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున జానుతెనుఁగును ద్విపదను సమర్థింపవలసి వచ్చెననఁగా, నాటికే దానిపై నెట్టి చిన్నచూపుండెనో యూహింపవచ్చును. బృహత్కథకుఁ బైశాచి యెట్లో వీరచరిత్రమునకు ద్విపద యట్లు. ఒకవేళ శ్రీనాథుని పేరు దానిపై లేకున్నచో, వ్రాఁతప్రతులను విప్పి చూచిన పండితు లెందఱుందురు? ఆ పేరు గ్రంథమునకు రక్ష యయ్యెను. కాని రక్షించినదే మఱుఁగు కూడ నయ్యెను. చదువువారు వీరచరిత్రమునందు వీరులను జూచుట మాని శ్రీనాథుని వెదకసాఁగిరి.

పరిష్కర్త

మూఁడవమాఱు కథను లోకమున కెఱిఁగించినది ముద్రాయంత్రము. పలనాటిసీమ గుంటూరుజిల్లా యేర్పడకపూర్వము కృష్ణామండలమునఁ జేరియుండెను. ఆ కాలమున 1883లో గోర్డన్ మెకంజీ యాంగ్లమున వెలువరించిన కృష్ణామండల గ్రంథమునఁ బలనాటివీరుల కథ చెప్పఁబడెను. పన్నులు, పంటలు, కాలువలు మొదలగువానిని దెలుపుటకై పుట్టిన యధికారిక గ్రంథమున నీ కథకు స్థానము దొరకుట విశేషము. జిల్లాను దెలిసికొనఁగోరిన యధికారికిఁ గథను దాఁటిపోవుట సాధ్యము కాలేదు.

తెలుఁగుపాఠకులకు మూలగ్రంథమును 1911లో నందించినవాఁడు అక్కిరాజు ఉమాకాంతము. 1889లో జనించిన యీ పండితునికి నాఁటికి నిండ నిరువదిమూఁడేండ్లు లేవు. స్వయముగాఁ బలనాటిసీమకుఁ జెందినవాఁ డగుటచే, నతనికి గ్రంథము వ్రాఁతప్రతులలో దొరకకమునుపే కథ తెలిసినదే. ఇతరులు కావ్యమును జదివి యూరిని దెలిసికొందురు. అతఁ డూరిని దెలిసి కావ్యమును జదివెను. విపులమైన పీఠికతో నతఁడు గ్రంథమును బ్రకటించెను. 1938లో రెండవకూర్పు వెలువడెను.

ఉమాకాంతము తరువాతి కాలమున 1928లో నేటికాలపు కవిత్వమను విమర్శగ్రంథమును వ్రాసి, భావకవులను సంస్కృతాలంకారశాస్త్ర ప్రమాణములచేఁ దీవ్రముగాఁ బరీక్షించెను. అందుచే నతనిని బూర్వాచారపరుఁడని మాత్రమే తలఁచువారు పలువురు. అట్టి కఠినవిమర్శకుఁడు యౌవనమునఁ దన శ్రమను ధారపోసినది ప్రబంధమునకుఁ గాదు, మంజరీద్విపదకు. ఈ రెండింటికిని వైరుధ్యము లేదు. సత్కావ్యమునకుఁ గావలసినది రసపుష్టి కాని యలంకారాడంబరము కాదను నొకేసూత్రము రెండుచోట్లను బనిచేసినది. శాస్త్రమును జక్కఁగా నెఱిఁగినవాఁడు శాస్త్రము పేర నే గ్రంథమును ద్రోసివేయఁడనుటకు నీ పండితుఁడే తార్కాణము.

పిమ్మట వచ్చినవారు తమతమ దృష్టులనుబట్టి కథను బరిచయము చేసిరి. సత్తెనపల్లి ప్రాంతమునఁ బుట్టిన యున్నవ లక్ష్మీనారాయణ 1926లో నాయకురాలను నాటకమును రచించెను. 1947లోను 1966లోను బల్నాటి యుద్ధమను పేరఁ జలనచిత్రములు వెలువడి, గ్రంథము చదువనివారికిఁ గూడ బ్రహ్మనాయని నాగమ్మను బాలచంద్రుని బరిచితులను జేసెను. తంగిరాల వెంకటసుబ్బారావు తెలుఁగు వీరగాథలపై విపులపరిశోధనము చేసెను. 1982లో జీన్ రోగెయిర్ అను నమెరికా పండితుఁడు ఆలిశెట్టి గాలెయ్య యను గాయకుని పాటను సేకరించి యాంగ్లానువాదముతో నాక్స్‌ఫర్డునుండి ప్రకటించెను. ఎనిమిదివందల యేండ్లు కథను మోసిన గాయకులలో నొకని పేరు గ్రంథముఖమునఁ బండితలోకమునకుఁ దెలియుట కింతకాలము పట్టినదనుట తెలుఁగుపండితులు సిగ్గుతో స్మరింపవలసిన విషయము.

అద్భుతరసము

ఇఁకఁ జివరిప్రశ్న. ఇందఱు మెచ్చినది దేనిని? పరిశోధకులు చారిత్రకాంశమును మెచ్చిరి. సంస్కర్తలు చాపకూటిని మెచ్చిరి. నాటకకర్తలు పౌరుషమును మెచ్చిరి. ఇవి యన్నియు న్యాయములే. కాని పరిచయము చేయువారిలోఁ బలువురు కథలోని యద్భుతాంశములను జూచి నొచ్చుకొనిరి. బ్రహ్మనాయఁడు విష్ణ్వంశసంభూతుఁ డనుట, కన్నమదాసు భైరవఖడ్గము, వీరులు లింగములగుట మొదలగువానిని మూఢవిశ్వాసములని తొలఁగించి, మిగిలినదే చరిత్ర యని చూపిరి. ఇది కథను వినిపించిన గాయకుని తీరు కాదు. శ్రోత కోరినదియుఁ గాదు.

శృంగారమునుండి హాస్యము, రౌద్రమునుండి కరుణము, బీభత్సమునుండి భయానకము పుట్టినట్లు వీరమునుండి యద్భుతము పుట్టునని భరతముని నాట్యశాస్త్రమునఁ జెప్పెను. ఈ సూత్రమునకుఁ దెలుఁగున వీరచరిత్రమును మించిన యుదాహరణము దొరకుట దుర్లభము. ఇందలి యద్భుతము మంత్రతంత్రములనుండి పుట్టలేదు. మనుష్యుఁడు చేసిన కార్యమునుండి పుట్టినది.

మూఁడు ఘట్టములను జూడుఁడు. బాలచంద్రుఁడు బొంగరమాడుచుండఁగా నది యొక స్త్రీ పాదమునకుఁ దగిలెను. తనవారు రణమున నుండఁగా నీ వాటలాడుచుంటివా యను నర్థమున నామె నిష్ఠూరమాడెను. ఆటవస్తువొక్కటి తిరిగి తిరిగి యుద్ధమునకుఁ దోవ చూపినది. రెండవది: బ్రాహ్మణుఁడగు ననపోతరాజు రణమునఁ జావరాదని బాలచంద్రుఁ డొక నెపమునఁ బంపివేసెను. మోసము తెలిసికొని యతఁ డాత్మత్యాగము చేసికొని, నెత్తుట తడిసిన జన్నిదమును మిత్రునికడకుఁ బంపెను. రాయబార మాడుటకు మాటలు లేనిచోట జన్నిదము మాటలాడినది. మూఁడవది: యుద్ధానంతరము శత్రుమిత్రభేద మడఁగి, కూలినవీరు లెల్లరును గారెంపూడిలో నొక్కచోటఁ బూజలందుకొనుట. బ్రదికియున్నప్పుడు చాపపైఁ గూర్చున్న సమత్వము మృతిపిమ్మట శిలయందు నిలిచినది. ఇందుఁ దొలఁగింపవలసిన యద్భుత మేది? దేనిని దొలఁగించినను వీరరసమే కుంటుపడును.

ఇచ్చట వేఱొక యద్భుతకావ్యముతోఁ బోల్చి చూచుట ప్రయోజనకరము. 16వ శతాబ్దికిఁ జెందిన పింగళి సూరన కళాపూర్ణోదయమును, బ్రభావతీప్రద్యుమ్నమును, 1914లోఁ గట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వవిచారమునఁ బరీక్షించి, సూరన కల్పనాశక్తిని నవీనపాఠకుల దృష్టికిఁ దెచ్చెను. వీరచరిత్రము ముద్రితమైన మూఁడేండ్లకే యిది జరిగినది. కళాపూర్ణోదయమున బ్రహ్మ సరస్వతికిఁ జెప్పిన కథ భూలోకమున యథార్థముగా జరుగును. అచ్చటి యద్భుతము కవిబుద్ధియొక్క నిర్మాణము. వీరచరిత్రమున జరిగినదాని నుండి కథ పుట్టి, యా కథ మఱల సంవత్సరమున కైదుదినములు జరుగును. ఇచ్చటి యద్భుతము జనసమూహముయొక్క స్మృతి. మొదటిదానికి నేకాంతపఠనము చాలును. రెండవదానికి సహపాఠకులు కావలెను. కళాపూర్ణోదయమును మెచ్చినవాఁడు పుస్తకమును జేతఁ బెట్టును. వీరచరిత్రమును మెచ్చినవాఁడు చేయి పట్టుకొని కారెంపూడికిఁ దీసికొనిపోవును.

కావున నీ గ్రంథమును విద్యార్థులకుఁ బరిచయము చేయు బాధ్యతగల పాఠశాలాపండితులు క్రమము మార్చుకొనవలసియున్నది. యుద్ధము జరిగిన సంవత్సర మేది, గ్రంథకర్త శ్రీనాథుఁడా కాఁడా యను ప్రశ్నలతోఁ బ్రారంభించినచో బాలుఁడు తలుపువద్దనే యాఁగిపోవును. బాలచంద్రుని బొంగరముతోఁ బ్రారంభింపవలెను. ద్విపదను గన్నులతోఁ గాక గొంతుతోఁ జదివింపవలెను. గాయకుని పాటలోఁ గథ యెట్లున్నదో, గ్రంథమునం దెట్లున్నదో పోల్చి చూపవలెను. అటుపిమ్మట హైహయుల వంశక్రమమును, శ్రీనాథుని కృతుల పట్టికను, హరవిలాసపు సాక్ష్యమును వివరించినచో, బాలుఁడు తానే యడిగి తెలిసికొనును. ఆనందము ముందు, విచారము వెనుక. ఇది పరిశోధనమునకు లోపము కాదు, దానికిఁ బునాది.

2022లో నరసరావుపేట ముఖ్యస్థానముగాఁ బల్నాడు జిల్లా యేర్పడెను. పూర్వము తాలూకా పేరై యుండిన యీ నామము నేఁడు జిల్లాపేరై ప్రభుత్వపత్రములఁ గనఁబడుచున్నది. సీమ యెల్లలు పలుమార్లు మాఱినను నీ పేరు తెలుఁగునాలుకపై జీవించుటకు ముఖ్యకారణము వీరులపాటయే. శాతవాహనునికి దొరకినది గుణాఢ్యుని గ్రంథమున నేడవపాలు. పలనాటి గాయకుల పాటలో నెంతభాగ మిదివఱకే యగ్నిపాలైనదో చెప్పఁగలవా రెవరును లేరు. మిగిలిన పత్రములు మాత్రము గాయకుల కంఠములయందే యున్నవి. వారు పాడుచున్నంతకాలము వినుటకుఁ బోవుట పండితులకు సాధ్యమే.